తృటిలో తప్పిన ప్రమాదము

మిల్లు షెడ్డు పైకప్పు మరమ్మతు చేయుచున్న మనిషి చేతినుండి సుత్తి జారినది. క్రింద గోనెలు మోయుచున్న కూలీకి అది తగులలేదు. ఒక మూర ఎడముగా నేలకు తగిలి ప్రక్కకు దొర్లినది. ఇద్దరును ఒకరి ముఖమొకరు చూచుకొని, గండము గడిచినదని నిట్టూర్చి, తిరిగి పనిలో పడుదురు. సాయంకాలమునకు ఆ సంగతి మరపున పడిపోవును. అదే సుత్తి ఒక మూర ఇవతల పడియుండినచో ఆసుపత్రి, పోలీసులు, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు, పత్రికలలో వార్త, విచారణ, నష్టపరిహారము అన్నియు వరుసగా వచ్చియుండును.

సుత్తి జారుటకు గల కారణములు మాత్రము రెండు సందర్భములలోను ఒక్కటియే. పిడి జిడ్డుగా నుండుట, పనిముట్టును త్రాటితో కట్టుకొను అలవాటు లేకుండుట, పైన పని జరుగుచుండగా క్రింది దారిని మూయకుండుట, వీనిలో దేనికిని ఆ మూర దూరముతో సంబంధము లేదు. ఆ దూరము కేవలము యాదృచ్ఛికము. కావున ఎవరికిని గాయము కాని సంఘటన నుండి నేర్చుకొనవలసిన పాఠము, ప్రాణము తీసిన సంఘటన నుండి నేర్చుకొనవలసిన పాఠమే. మొదటి దానిలో అది ఉచితముగా లభించును. పనిచేయు చోట్ల భద్రతను గూర్చి పరిశోధించువారు ఎన్నో దశాబ్దములుగా ఈ ఉచిత పాఠములను సేకరించుటెట్లు అను ప్రశ్నతో పెనగులాడుచున్నారు. చూచుటకు ఇది తేలిక ప్రశ్న. జరిగిన దానిని చెప్పుమన్నచో ఎవరైనను చెప్పరా? చెప్పరు. చెప్పినను చాలసార్లు వినువారుండరు. ఈ రెండు చిక్కులను గూర్చి తెలిసికొన్న సంగతులే ఈ శాస్త్రములో ఎక్కువ విలువైనవి.

ముప్పు లెక్క

వాడుకలో అపాయము, ముప్పు, ప్రమాదము అను మాటలను ఒకదానికి బదులొకటి వాడుచుందురు. భద్రతా శాస్త్రములో వీనిని వేరుపరచుట అవసరము. హాని చేయగల శక్తిగాని, పదార్థముగాని, పరిస్థితిగాని అపాయము. ఎత్తున నున్న సుత్తి అపాయమే, ఒత్తిడితో నున్న బాయిలరు అపాయమే. దాని వలన హాని కలుగుటకు గల సంభావ్యతను, ఆ హాని యొక్క తీవ్రతను కలిపి చూచినచో వచ్చునది ముప్పు. హాని నిజముగా జరిగినపుడు అది ప్రమాదము.

సంభావ్యతను గూర్చి మనుష్యుల అంచనాలు ఎందుకు తప్పునో గణిత తరగతిలో నల్లబల్ల మీదనే చూపవచ్చును. ఒక యంత్రమునకు రక్షణ మూత కలదు. దానిని తొలగించి పని చేసినచో పని త్వరగా తెమలును. అట్లు చేసిన ప్రతి దినము చేయి నలుగుటకు 1,000 లో 1 వంతు అవకాశము కలదని అనుకొందము. ఒక దినము క్షేమముగా గడచుటకు సంభావ్యత 0.999. ఏడాదికి 300 పని దినములైనచో, 0.999 ను 300 మార్లు గుణింపగా సుమారు 0.74 వచ్చును. అనగా ఇట్లు పనిచేయు నలుగురిలో ఇంచుమించు ముగ్గురు ఏడాది పొడవునను ఏ గాయమును లేకుండ గడుపుదురు. "ఏడాదినుండి చేయుచున్నాను, ఏమైనది?" అని వారడుగుట సహజమే. వారి అనుభవము అబద్ధము కాదు. గాని అదే మనిషి అట్లే పదేండ్లు పనిచేసినచో, క్షేమముగా బయటపడుటకు సంభావ్యత 0.05 కు పడిపోవును; 100 లో 95 పాళ్లు ఒకసారియైనను చేయి నలుగును. 100 మంది పనివారు గల కర్మాగారములో అందరును మూత తీసివేసినచో ఏడాదికి సగటున 30 గాయములు జరుగును. పనివానికి కనబడునది తన ఒక్కని ఏడాది. కర్మాగారమునకు కనబడవలసినది నూరుగురి ఏడాది. ఒక్కొక్కని అనుభవము ఒకచోట చేరనంతవరకు ముప్పు ఎవరికిని కనబడదు.

కొండను తాకిన విమానము

అనుభవములు ఒకచోట చేరకపోవుట వలన కలుగు నష్టమునకు 1974 డిసెంబరు 1 న అమెరికాలో జరిగిన విమాన ప్రమాదము మరువరాని ఉదాహరణము. ట్రాన్స్ వరల్డ్ ఎయిర్‌లైన్స్ వారి 514 నంబరు బోయింగ్ 727 విమానము ఆనాటి ఉదయము వాషింగ్టన్ నేషనల్ విమానాశ్రయములో దిగవలసియున్నది. అచట ఎదురు ప్రక్కగాలి తీవ్రముగా నుండుటచే దానిని సమీపముననున్న డలెస్ విమానాశ్రయమునకు మళ్లించిరి. మేఘములు దట్టముగా నున్నవి. నేలమీదనున్న నియంత్రణాధికారి, దిగుటకై రన్‌వేను సమీపించుటకు అనుమతి నిచ్చెను. ఎంత ఎత్తులో నుండవలెనో చెప్పలేదు.

ఇచటనే ఒక మాటకు రెండర్థములు వచ్చినవి. అనుమతి లభించినదనిన, దారిలో అడ్డములేదని అధికారి చూచుకొన్నాడనియు, కావున పటములో చివరి భాగమునకు వ్రాసిన 1,800 అడుగుల ఎత్తునకు వెంటనే దిగవచ్చుననియు విమాన చోదకులు గ్రహించిరి. ఆయా భాగములకు పటములో నున్న కనీసపు ఎత్తులను చోదకులే పాటింతురని అధికారి తలచెను. పటములో ఒకచోట 3,400 అడుగులని వ్రాసియుండుటను కెప్టెన్ గమనించెను కూడ. విమానపు గదిలో దానిని గూర్చి చర్చ జరిగినది. కాని అనుమతి లభించినది గనుక దిగవచ్చునని నిర్ణయించుకొనిరి. డలెస్‌కు సుమారు 25 నాటికల్ మైళ్ల దూరమున, వర్జీనియాలోని మౌంట్ వెదర్ అను కొండకు పడమటి వాలున విమానము ఢీకొన్నది. అందులోనున్న 92 మందియు మరణించిరి.

విచారణలో బయటపడిన సంగతి ఇంకను బాధాకరమైనది. ఆరు వారములకు ముందు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ వారి విమానమొకటి ఇదే మార్గమున, ఇదే విధముగా అనుమతిని అర్థము చేసికొని, ఇదే కొండకు అతి సమీపముగా పోయి బ్రతికి బయటపడినది. చోదకులు దానిని తమ కంపెనీకి తెలిపిరి. ఆ కంపెనీలో అట్టి సంగతులను నిర్భయముగా తెలుపుటకు ఒక ఏర్పాటు అప్పుడే ప్రారంభమై యుండినది. కంపెనీవారు తమ చోదకుల నందరిని హెచ్చరించిరి. చేయవలసినదంతయు చేసిరి. గాని ప్రక్క కంపెనీ చోదకులకు ఆ హెచ్చరిక చేరుటకు దారి లేకపోయినది. 92 మంది ప్రాణములను కాపాడగల వాక్యమొకటి అదివరకే వ్రాయబడియున్నది. అది ఒక కంపెనీ కాగితములలోనే నిలిచిపోయినది.

కారణము నిర్ణయించుటలో విచారణ సంఘములోని అయిదుగురు సభ్యులు ఏకాభిప్రాయమునకు రాలేదు. ముగ్గురు, చోదకులు ముందుగా దిగుట ప్రధాన కారణమనియు, నియంత్రణ పద్ధతులలోని అస్పష్టత దానికి దారితీసినదనియు చెప్పిరి. ఇద్దరు నియంత్రణాధికారుల బాధ్యతను ఎక్కువగా చూపిరి. మాటల అర్థము మాత్రము ఆ తరువాత సరిచేయబడినది. పటములో చూపిన మార్గ భాగములోనికి విమానము చేరువరకు చివరగా చెప్పిన ఎత్తులోనే ఉండవలెనని నియమము వచ్చినది. నేల సమీపించుచున్నదని హెచ్చరించు పరికరము పెద్ద విమానములలో ఉండవలెనను నిబంధనయు ఆ దినములలోనే వచ్చినది.

చెప్పినవానికి ఏమగును?

తృటిలో తప్పిన సంఘటనలను దేశమంతట సేకరింపవలెనని అమెరికాలో పౌర విమానయానమును శాసించు ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ 1975 లో నిశ్చయించినది. అయితే, చోదకుని లైసెన్సును రద్దు చేయుటకు అధికారము గల సంస్థకే చోదకుడు తన పొరపాటును వ్రాసి పంపవలెననుట ఎట్లు కుదురును? పోలీసు ఠాణాకు పోయి తన తప్పు తానే చెప్పుకొమ్మనినట్లుండును. ఈ చిక్కును తీర్చుటకు, ఎవరిని శిక్షించుటకును అధికారము లేని నాసా సంస్థను మధ్యవర్తిగా పెట్టిరి. 1976 ఏప్రిల్‌లో నాసా నడుపు వైమానిక భద్రతా నివేదన పద్ధతి మొదలైనది. చార్లెస్ బిల్లింగ్స్ అను వైద్యుడు దీనిని తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడు.

దీని ఏర్పాటు గమనింపదగినది. నివేదిక పత్రము పైభాగమున పేరు, చిరునామా వ్రాయుటకు ఒక చీటీ ఉండును. నివేదికను చదువు నిపుణులు సందేహములున్నచో ఆ మనిషిని టెలిఫోనులో అడిగి తెలిసికొందురు. పిమ్మట ఆ చీటీని వేరుచేసి, తేదీ ముద్రవేసి, అతనికే తిప్పి పంపుదురు. పేరు గల కాగితము ఇక నాసా వద్ద ఉండదు. పదిదినములలోగా నివేదిక పంపినవాడు, నియమమును ఉద్దేశపూర్వకముగా ఉల్లంఘింపనిచో, ఆ విషయమై తరువాత చర్య వచ్చినను ఆ చీటీని చూపి శిక్షనుండి మినహాయింపు పొందవచ్చును. నేరములకును, నిజముగా జరిగిన ప్రమాదములకును ఈ రక్షణ వర్తింపదు. చోదకులేగాక నియంత్రణాధికారులు, విమాన పరిచారకులు, యంత్ర మరమ్మతుదారులును వ్రాయవచ్చును. పేర్లు తీసివేసిన నివేదికలనుండి ఏరిన సంగతులు 1979 నుండి ఒక చిన్న పత్రికగా వెలువడుచున్నవి. వచ్చిన నివేదికల సంఖ్య 10 లక్షలను ఎప్పుడో దాటినది. బ్రిటన్‌లో 1982 లో ఇట్టిదే మరియొక పద్ధతి ఏర్పడినది.

పేరు తెలియనీయకుండుట, శిక్ష లేకుండుట మాత్రమే చాలవని కూడ అనుభవము మీద తేలినది. చెప్పిన దానికి ఏదో ఒక జవాబు రావలెను. నెలల తరబడి వ్రాసినను ఏమియు మారనిచోట పనివారు వ్రాయుట మానుదురు. భయముచేత కాదు, విసుగుచేత. బహుమతులు కూడ చిక్కు తెచ్చును. "ఇన్ని దినములనుండి ప్రమాదము లేదు" అని గేటువద్ద బోర్డు పెట్టి, ఆ అంకె పెరిగినచో అందరికిని బోనసు ఇచ్చు కర్మాగారములో, వేలు తెగినవాడు గుడ్డ చుట్టుకొని ఊరకుండును. తోటివారి బోనసు పోగొట్టుటకు ఎవరికి మనసొప్పును?

నివేదికలు తక్కువగా వచ్చుచున్నవనిన పొరపాట్లు తక్కువగా నున్నవని అర్థము కాదనుటకు అమెరికా పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1996 లో ప్రకటించిన పరిశీలన మంచి నిదర్శనము. రెండు ఆసుపత్రులలోని ఎనిమిది వార్డులలో మందులిచ్చుటలో జరిగిన పొరపాట్లను ఆమె లెక్కించెను. చక్కని నాయకత్వము, సిబ్బందిలో సఖ్యత గల వార్డులలో పొరపాట్లు తక్కువగా నుండునని ఎవరైనను ఊహింతురు. లెక్కలు తిరుగబడినవి. మంచి వార్డులలోనే పొరపాట్లు ఎక్కువగా కనబడినవి! ఈ లెక్కలు తెలియని మరియొకరిని పంపి వార్డులను పరిశీలింపజేయగా రహస్యము బయటపడినది. ఆ వార్డులలో నర్సులు పొరపాటును దాచకుండ చెప్పుకొనుచున్నారు. తక్కినచోట్ల చెప్పినచో చీవాట్లు తప్పవని దాచుచున్నారు. ఎక్కువైనది పొరపాట్ల సంఖ్య కాదు, బయటికి వచ్చిన పొరపాట్ల సంఖ్య.

మనిషి పొరపాటా, మీట పొరపాటా?

చీవాట్లు పెట్టుటలో నైతిక దోషము కంటె శాస్త్రీయ దోషము పెద్దది. "అజాగ్రత్త" అని వ్రాసిన చోట విచారణ ఆగిపోవును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా బాంబరు విమానములు కొన్ని క్షేమముగా నేలమీదికి దిగిన తరువాత చోదకుడు పొరపాటున చక్రములను లోనికి ముడుచుటచే బొజ్జమీద పడి చెడిపోవుచుండెను. ప్రతి సారియు "చోదకుని పొరపాటు" అని వ్రాసికొనిరి. ఆల్ఫాన్స్ చపానిస్ అను మనోవిజ్ఞానవేత్త విమానపు గదిని చూచినపుడు, చక్రముల మీటయు, రెక్కల పలకల మీటయు ఒకే ఆకారములో ప్రక్కప్రక్కనే ఉండుటను గమనించెను. ఆ రెండును వేరువేరుగా అమర్చిన మరియొక జాతి విమానములలో ఈ పొరపాటే లేదు. ఒక మీటకు చిన్న రబ్బరు చక్రమును, రెండవ దానికి రెక్క ఆకారపు పిడిని తగిలించినచో చీకటిలోనైనను చేతికి తేడా తెలియునని ఆయన సూచించెను.

యుద్ధానంతరము 1947 లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనువారు చోదకుల నడిగి, మీటలు త్రిప్పుటలో తాము చేసిన లేక చూచిన 460 పొరపాట్లను సేకరించిరి. వానిలో ఇంచుమించు సగము ఒక మీటకు బదులు మరియొక మీటను పట్టుకొనుట వలన జరిగినవే. పొరపాట్లు చెదురుమదురుగా గాక గుంపులుగా వచ్చుచున్నవనిన, వాని మూలము మనుష్యుల స్వభావములో గాక పరికరములో నున్నదని వారు గ్రహించిరి. ఈ సంగతిని వారికి చెప్పినవారు ఎవరు? "పొరపాటు" చేసిన చోదకులే.

అంకెలు చేయు మోసము

ఈ విషయమున విరివిగా చెప్పబడు అంకెలు కొన్ని కలవు. 1931 లో హెర్బర్ట్ హైన్రిక్ అను అమెరికా భీమా కంపెనీ ఉద్యోగి ఒక గ్రంథములో, ఒకే విధమైన 330 సంఘటనలలో 300 గాయము లేనివి, 29 చిన్న గాయములు, 1 పెద్ద గాయము ఉండునని వ్రాసెను. 1969 లో ఫ్రాంక్ బర్డ్ 297 కంపెనీల లెక్కలు చూచి వేరు నిష్పత్తి చెప్పెను. హైన్రిక్ ఆధారపడిన మూల పత్రములు తరువాతివారికి లభింపలేదు. గాయము కాని సంఘటనలు అనేకములు, ఘోర ప్రమాదములు అరుదు అను మాట నిజము. ఆ నిష్పత్తి ఓమ్ నియమమువంటి ప్రకృతి నియమమని తలచుట మాత్రము తగదు. చిన్న గాయములను తగ్గించినచో పెద్ద ప్రమాదములు వానంతట అవియే తగ్గునని చేసిన ఊహ ఇంకను ప్రమాదకరమైనది. కాలు జారి పడుట, వేలు తెగుట అనునవి ఒక జాతి. చమురు శుద్ధి కర్మాగారములో ఆవిరి ప్రేలుట మరియొక జాతి.

2005 మార్చి 23 న అమెరికాలోని టెక్సస్ సిటీలో బ్రిటిష్ పెట్రోలియమ్ వారి కర్మాగారములో ప్రేలుడు వలన 15 మంది మరణించిరి; 180 మంది గాయపడిరి. అచట పనివారి గాయముల లెక్క అప్పటికి తక్కువగానే ఉండి, అంతయు బాగున్నదను భ్రమ కలిగించినదని విచారణ సంస్థ తేల్చినది. ప్రేలుడుకు మూలమైన గొట్టమునుండియే 1994 నుండి 2004 వరకు ఎనిమిది సార్లు మండు స్వభావము గల ఆవిరి పెద్దయెత్తున వెలువడియున్నది. ఆ ఎనిమిదింటిలో ఎవరును చనిపోలేదు. గాయముల పట్టికలో వానికి చోటు లేదు.

చెప్పినను వినబడనిది

సంఘటన తెలియబడి, వ్రాయబడి, నిపుణుల చేతికి చేరిన తరువాత కూడ అది నిష్ఫలము కావచ్చును. 1977 సెప్టెంబరు 24 న అమెరికాలోని డేవిస్-బెస్సీ అణు విద్యుత్ కేంద్రములో ఒత్తిడిని వదలు కవాటము ఒకటి తెరచుకొని, తిరిగి మూసికొనక నిలిచిపోయినది. లోపలి నీటి మట్టము ఎక్కువగా నున్నట్లు పరికరము చూపుటచే సిబ్బంది మోసపోయి, అత్యవసరముగా వచ్చు నీటిని తగ్గించిరి. అప్పుడు కేంద్రము తన శక్తిలో నూటికి 9 వంతులు మాత్రమే పనిచేయుచున్నది. 20 నిముషములలో లోపమును కనిపెట్టి మరియొక కవాటమును మూసిరి. నష్టము లేదు. యంత్రమును చేసిన కంపెనీలోని ఇంజనీర్లు ఇది ఎంత ఘోరమగునో గుర్తించి, నీటిని ఆపవద్దని అన్ని కేంద్రములకును తెలుపవలెనని 1978 ఆరంభములోనే వ్రాసిరి. ఆ కాగితము కంపెనీలో ఒక బల్లనుండి మరియొక బల్లకు తిరుగుచుండెను.

1979 మార్చి 28 తెల్లవారుజామున త్రీ మైల్ ఐలాండ్ కేంద్రములో అదే కంపెనీ చేసిన యంత్రమున అదే జాతి కవాటము అట్లే నిలిచిపోయినది. ఈసారి కేంద్రము నూటికి 97 వంతుల శక్తితో నడచుచున్నది. కవాటమునకు "మూసికొనుము" అను ఆజ్ఞ వెళ్లినదని మాత్రమే దీపము తెలుపును. అది నిజముగా మూసికొన్నదో లేదో తెలుపదు. సిబ్బంది ఇచటను నీటిని తగ్గించిరి. రెండు గంటలకు పైగా కవాటము తెరచియే ఉన్నది. అణు ఇంధనములో సుమారు సగము కరగిపోయినది. ఆ సంవత్సరాంతముననే అమెరికా అణు కేంద్రములన్నియు కలిసి, ఒకచోట జరిగిన దానిని తక్కినవారికి తెలుపు ఉమ్మడి సంస్థను స్థాపించుకొనినవి.

అంతరిక్ష నౌకల కథలో ఇంకొక చిత్రము కనబడును. రాకెట్టు అతుకులలోని రబ్బరు వలయములు కాలి తరుగుట నౌక రెండవ ప్రయాణములోనే, 1981 నవంబరులో, కనుగొనబడినది. తరువాతను పలుమార్లు కనబడినది. నౌక ప్రతిసారి క్షేమముగా తిరిగి వచ్చుటచే ఆ తరుగు "ఓర్చుకొనదగిన" దాయెను. 1986 జనవరి 28 న చాలెంజర్ నౌక ఏడుగురితో ఆకాశమున విచ్ఛిన్నమైనది. నియమము తప్పుటయే క్రమముగా నియమమగుటను సమాజశాస్త్రవేత్త డయాన్ వాన్ ఈ సంఘటన నాధారముగా వివరించెను. పదునేడేండ్ల తరువాత, 2003 ఫిబ్రవరి 1 న, కొలంబియా నౌక నాశనమైనపుడు కారణము వేరు, కథ అదే. తొట్టినుండి నురుగు ముక్కలు ఊడి తగులుట ఎన్నో ప్రయాణములలో జరిగిన సంగతియే. ఆ నౌకలో మరణించిన ఏడుగురిలో హర్యానాలోని కర్నాల్‌లో జన్మించిన కల్పనా చావ్లా ఒకరు.

తప్పిపోయిన ప్రమాదమును మనస్సు రెండు విధములుగా చదువగలదు: "కొంచెములో పోయెడివారము" అనియు, "చూచితిరా, ఏమియు కాలేదు" అనియు. రాబిన్ డిలన్, కేథరిన్ టిన్స్‌లే అను పరిశోధకులు 2008 లో ప్రకటించిన ప్రయోగములలో, ఒక అంతరిక్ష యాత్ర నిర్వాహకుని నిర్ణయములను అంచనా కట్టుమని కొందరి నడిగిరి. నిర్ణయములన్నియు ఒక్కటియే, ఫలితము మాత్రము కొందరికి విజయమనియు, కొందరికి అదృష్టవశమున తప్పిన వైఫల్యమనియు, కొందరికి వైఫల్యమనియు చెప్పిరి. అదృష్టవశమున బయటపడిన వానికి, విజయము పొందినవానికి ఇంచుమించు సమానముగా మార్కులు పడినవి.

ఆంధ్రదేశమున 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నము ఆర్.ఆర్. వెంకటాపురము వద్ద ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. స్టైరీన్ అణువులు తమంతట తామే ఒకదానితో నొకటి కూడి పాలిమరుగా మారును. మారునపుడు వేడి పుట్టును. ఆ వేడిమి మార్పును ఇంకను త్వరితపరచును. అందుచే దానిని చల్లగా నుంచవలెను. టాంకులో ఉష్ణోగ్రతను అడుగు భాగముననే కొలుచుచుండిరని రాష్ట్ర ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము తెలిపినది, వేడెక్కినది పైభాగము. ద్రవములో పాలిమరు పాలెంతయో పరీక్షించు అలవాటు కర్మాగారములో ఉన్నది గాని, దానిని సరకు నాణ్యతకు గుర్తుగా చూచిరే గాని అపాయ సూచనగా చూడలేదు. చేతిలో నున్న అంకె ఏ ప్రశ్నకు జవాబో తెలియకపోవుటయు ఒక విధమైన చెవుడే.

రంధ్రములు, గీతలు

ఇంగ్లండుకు చెందిన మనోవిజ్ఞానవేత్త జేమ్స్ రీజన్ 1990 ప్రాంతమున ఈ అనుభవములన్నిటికి ఒక బొమ్మ కట్టెను. ప్రతి పనికిని అనేక రక్షణ పొరలుండును: యంత్రపు మూత, శిక్షణ, పర్యవేక్షణ, హెచ్చరిక గంట. ప్రతి పొరలోను రంధ్రములుండును. అన్ని పొరల రంధ్రములును ఒకే వరుసలోనికి వచ్చినపుడు ప్రమాదము వానిగుండ దూసుకొనిపోవును. ఆయన దీనిని స్విట్జర్లండు జున్ను ముక్కలతో పోల్చెను. అది మన ఇండ్లలో ఈనిన ఆవు పాలతో చేయు జున్ను కాదు. పెద్ద పెద్ద రంధ్రములు గల గట్టి జున్ను. తెలుగువారికి జల్లెడలు పేర్చినట్లనుట సులభముగా తెలియును. తృటిలో తప్పిన సంఘటన యనగా చివరి జల్లెడలో మాత్రము ఆగిన సంఘటన; ముందున్న వానిలో రంధ్రములెక్కడ నున్నవో అది చూపును.

అట్లయిన ఎవరికిని శిక్షయే ఉండరాదా? త్రాగి క్రేను నడిపినవానిని వదలివేయవలెనా? వదలరాదనియే రీజన్ చెప్పెను. గీత ఎచట గీయవలెనో తెలిసికొనుటకు ఒక ప్రశ్న పనికివచ్చును: అంతే శిక్షణ, అంతే అనుభవము గల మరియొక మనిషిని అదే గడియలో, అదే పరికరము ముందు నిలబెట్టినచో అతడును అట్లే చేసియుండునా? చేసియుండు ననినచో ఆ మనిషిని మార్చుట వలన ప్రయోజనము లేదు.

భారతదేశములో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము గాయముల విషయమై ప్రభుత్వమునకు తెలుపవలెనని మొదటినుండియు శాసించినది. 1976 లో దానిని సవరించినపుడు, ఎవరికిని గాయము కాకపోయినను, నిర్దేశింపబడిన ప్రమాదకర సంఘటనలను తెలుపవలెనని క్రొత్త నిబంధనను చేర్చిరి. ఎనిమిదేండ్లకు, 1984 డిసెంబరులో, భోపాల్ ఘోరము జరిగినది. ఆ కర్మాగారములో 1981 లోనే ఫాస్జీన్ వాయువు తగిలి ఒక పనివాడు మరణించియుండెను.

ఉన్నత పాఠశాల ప్రయోగశాలయు ఒక పనిచేయు చోటే. మైలుతుత్తపు స్ఫటికములను పరీక్షనాళికలో వేడిచేయునపుడు నాళిక పగులుట ఉపాధ్యాయులందరును ఎరిగినదే. సాధారణముగా ఎవరికిని ఏమియు కాదు, ముక్కలు ఊడ్చివేయుదురు. దానిని ఒక పుస్తకములో వ్రాయదలచినచో రెండు విధముల వ్రాయవచ్చును. "విద్యార్థి అజాగ్రత్త వలన నాళిక పగిలినది" అనుట ఒక విధము. "నాళిక మూతి పైకి ఎత్తి బిగింపబడినది. స్ఫటికములనుండి వెలువడిన నీటి ఆవిరి మూతివద్ద చల్లబడి, నీరై, వేడి గాజు మీదికి జారినది. ఆ వరుసలో మరి ముగ్గురును అట్లే బిగించిరి. నల్లబల్లమీది పటములో నాళిక నిలువుగా గీయబడియున్నది" అనుట రెండవ విధము. అట్లు వ్రాసిన పుస్తకము ప్రయోగశాల బీరువాలో ఉన్నచో, మరుసటి సంవత్సరము క్రొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడు దానిని తిరుగవేసి, నాళిక మూతిని కొంచెము క్రిందికి వంచి పటము గీయును.